హోటలు ఇల్లయిన కథ



ఊరి నడిబొడ్డున ఒక పెద్ద హోటలు ఉంటుంది. కొన్నాళ్ళు ఓ వెలుగు వెలుగుతుంది. తర్వాత మరో కొత్త హోటలు వస్తుంది, పాతదానికి గిరాకీ తగ్గుతుంది. అప్పుడు ఎవరికో ఒక ఆలోచన తడుతుంది. "ఇంత పెద్ద కట్టడం ఊరికే పడి ఉండటమెందుకు? పై అంతస్తుల్లో కాపురాలు పెట్టి, కింద దుకాణాలు తెరిస్తే సరిపోదా?" అని. వినడానికి ఇది చాలా సబబైన ఆలోచన. కింద వ్యాపారం, పైన కాపురం అన్నది మన బజారు వీధుల్లో తరతరాలుగా ఉన్న పద్ధతే కదా! మరి అలా మారిన హోటళ్ళు కొన్ని నిలబడతాయి, కొన్ని కూలిపోతాయి. ఎందుకని?

ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఈవేళ మిమ్మల్ని ముంబయి కోటప్రాంతంలోని కాలాఘోడా దగ్గరకు తీసుకువెళతాను. అక్కడ ఒకప్పుడు వాట్సన్ హోటలు అన్న పేరుతో వెలిగి, తర్వాత ఎస్ప్లనేడ్ మాన్షన్‌గా మారిన ఒక భవనం ఉంది. దాని కథకూ, ఇదే నగరంలో స్థిరపడిన మన తెలుగువాళ్ళ కథకూ సంబంధం ఉంది. అది ఎలాగో చివరికి మీకే తెలుస్తుంది.

నేను తెలుగు, మరాఠీ రెండు భాషల్లోనూ పాఠాలు చెప్పే ఉపాధ్యాయురాలిని. 2018లో ఒకసారి మా ఏడో తరగతి పిల్లల్ని కాలాఘోడా చూపించడానికి తీసుకువెళ్ళాను. జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ చూశాం. డేవిడ్ ససూన్ గ్రంథాలయం చూశాం. రోడ్డు దాటి వస్తుంటే ఒక అయిదంతస్తుల పాత భవనం ముందు పిల్లలు ఆగిపోయారు. ఇనుప కమ్మీల బాల్కనీలు వంగి ఉన్నాయి. ఒకచోట బట్టలు ఆరేసి ఉన్నాయి. ఒకచోట వకీలుగారి పేరుపలక వేలాడుతోంది. కింద జిరాక్సు దుకాణం. పైన గోడ సందులో రావిమొక్క. ఒక పిల్ల అడిగింది, "టీచర్, ఇది ఇల్లా, ఆఫీసా, దుకాణమా?" అని. "మూడూను తల్లీ. ఒకప్పుడు హోటలు కూడా" అన్నాను. పిల్లలు నమ్మలేదు. నమ్మకపోవడంలో వాళ్ళ తప్పేమీ లేదు.

ఆ భవనం పుట్టుక తెలియాలంటే 1860లలోకి వెళ్ళాలి. అప్పటిదాకా బొంబాయి నగరం కోటగోడల మధ్య ఇరుక్కుని ఉండేది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు అందకుండా పోయింది. దాంతో మన దేశపు పత్తికి ఎక్కడలేని ధర పలికింది. బొంబాయిలో డబ్బు వరదలా పారింది. 1862లో గవర్నరుగా వచ్చిన సర్ బార్టిల్ ఫ్రియర్ కోటగోడలను పడగొట్టించాడు. గోడల అవతల ఉన్న ఎస్ప్లనేడ్ మైదానం అంచున స్థలాలు వేలం వేశారు. ఇప్పుడు మనం చూసే విశ్వవిద్యాలయం, హైకోర్టు వంటి రాతి కట్టడాలన్నీ ఆ మార్పులో నుంచి పుట్టినవే. 1865లో అమెరికా యుద్ధం ముగిసి పత్తి ధర పడిపోయింది. ఎందరో దివాళా తీశారు. అయినా కట్టడాల పని మాత్రం సాగిపోయింది.

ఆ వరుసలోనే జాన్ వాట్సన్ అనే బట్టల వ్యాపారి ఒక హోటలు కట్టాలని సంకల్పించాడు. నమూనా గీసినవాడు రోలాండ్ మేసన్ ఆర్డిష్ అనే ఇంజనీరు. లండనులో సెయింట్ పాంక్రాస్ రైల్వే స్టేషను పైకప్పు పనిలోనూ, 1873లో తెరిచిన ఆల్బర్ట్ వంతెనలోనూ ఈయన చెయ్యి ఉంది. వాట్సన్ హోటలు 1867, 1871 సంవత్సరాల మధ్య లేచింది. అందులో విశేషం ఏమిటంటే, ఆ భవనాన్ని ఇక్కడి రాతితో కట్టలేదు. స్తంభాలు, దూలాలు, బాల్కనీ బ్రాకెట్లు అన్నీ ఇంగ్లండులో తయారై, ఓడల్లో బొంబాయి చేరాయి. ఇక్కడ వాటిని ఒకదానికొకటి బిగించి నిలబెట్టారు.

దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. మామూలు పాత ఇంట్లో గోడలే బరువు మోస్తాయి. అందుకే ఎంత ఎత్తు కడితే కింద గోడ అంత మందంగా ఉండాలి. వాట్సన్ హోటల్లో బరువు మోసేది ఇనుప చట్రం. మధ్యలో ఉన్న ఇటుక గోడ తెరలాంటిదే. ఈనాటి బహుళ అంతస్తుల భవనాలన్నిటికీ మూలసూత్రం ఇదే. అంచేత మన దేశంలో మిగిలి ఉన్న ఇనుప చట్రపు భవనాల్లో ఇది చాలా పాతదని, చాలా విలువైనదని వాస్తు నిపుణులు చెబుతారు. అయితే పోత ఇనుముకు ఒక గుణం ఉంది. పైనుంచి పడే బరువును బ్రహ్మాండంగా మోస్తుంది. వంచితే మాత్రం విరిగిపోతుంది. నీరు తగిలితే తుప్పు పడుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం వస్తుంది.

ఇనుము ఇంగ్లండు నుంచి వచ్చింది సరే, ఆ రోజుల్లో బొంబాయి కట్టడాల దగ్గర రాయి మోసినవాళ్ళు, సున్నం కలిపినవాళ్ళు, పునాదులు తవ్వినవాళ్ళు ఎవరు? వాళ్ళలో పెద్ద భాగం కామాఠీలు. అంటే నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాల నుంచి కూలికోసం వలస వచ్చిన మనవాళ్ళు. 1780లలో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పడి సముద్రపు నీరు లోపలికి రాకుండా ఆగాక, ఆరిన పల్లపు నేలల్లో వీళ్ళు గుడిసెలు వేసుకున్నారు. ఆ పేటకే కామాఠీపుర అన్న పేరు వచ్చింది. ఆ పేరు వినగానే ఈరోజు చాలామంది మరేదో తలుచుకుని ముఖం తిప్పుకుంటారు. కానీ ఆ పేరు ఈ నగరాన్ని కట్టిన కూలీలది. కూలీలే కాదు, మనవాళ్ళలో గుత్తేదారులు కూడా తయారయ్యారు. 1873లో పుణెలో జ్యోతిరావు ఫూలే సత్యశోధక సమాజాన్ని స్థాపిస్తే బొంబాయి నుంచి అండగా నిలిచినవారిలో జయా కరాడి లింగు, వెంకూ బాలాజీ కాళేవార్, రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి తెలుగువారు ఉన్నారు. తట్ట మోసే స్థితి నుంచి సమాజసంస్కరణకు చేయూతనిచ్చే స్థితికి ఎదిగిన చరిత్ర మనది.

మళ్ళీ హోటలు దగ్గరకు వద్దాం. వాట్సన్ హోటల్లో 130 గదులుండేవి. నడిమధ్యన గాజు పైకప్పుతో పెద్ద హాలు ఉండేది. ఆ మెట్లు ఎక్కే అర్హత తెల్లవారికే. 1896 జనవరిలో అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ ఇక్కడ దిగాడు. బాల్కనీలో కూర్చుని బొంబాయి కాకుల అల్లరి గమనించి, ఆ ముచ్చట తన యాత్రా గ్రంథంలో సరదాగా రాసుకున్నాడు. అదే సంవత్సరం జూలై 7వ తేదీన ఇంకా పెద్ద విశేషం జరిగింది. ఫ్రాన్సుకు చెందిన లూమియేర్ సోదరుల మనిషి ఒకరు సినిమా యంత్రం తీసుకువచ్చి ఈ హోటల్లో ఆరు చిన్న చిత్రాలు ప్రదర్శించాడు. టిక్కెట్టు ఒక రూపాయి. పారిస్‌లో తొలి ప్రదర్శన జరిగిన ఆరు నెలలకే మన దేశానికి సినిమా వచ్చిందన్నమాట. రైలు రావడం, కార్మికులు ఫ్యాక్టరీ నుంచి బయటికి రావడం వంటి ఆ చిత్రాల్లో ఒకటి "గోడ కూల్చివేత". పనివాళ్ళు గడ్డపారలతో ఒక గోడ పడగొడతారు, దుమ్ము లేస్తుంది, అంతే. చూసినవాళ్ళు ఆశ్చర్యపోయి చప్పట్లు కొట్టి ఉంటారు. తమ తలపైనున్న కప్పుకు కూడా ఒకనాడు అదే ప్రశ్న ఎదురవుతుందని ఎవరు ఊహిస్తారు?

1903లో తాజ్‌మహల్ హోటలు తెరిచారు. జంషెట్జీ టాటాను వాట్సన్ హోటల్లోకి రానివ్వలేదనీ, ఆ పంతంతోనే ఆయన తాజ్ కట్టించాడనీ ఒక కథ జనం నోట తిరుగుతూ ఉంటుంది. దానికి గట్టి ఆధారం లేదు. కానీ తాజ్ వచ్చాక వాట్సన్ వెలుగు తగ్గిన మాట మాత్రం నిజం. మెల్లమెల్లగా అతిథులు తగ్గారు. యజమానులు మారారు. 1960ల తర్వాత అది హోటలు కానే కాదు. గదులను విడగొట్టి కాపురాలకూ, కచేరీలకూ, దుకాణాలకూ అద్దెకిచ్చారు. పేరు ఎస్ప్లనేడ్ మాన్షన్ అయింది. సెషన్సు కోర్టు పక్కనే కావడంతో వకీళ్ళు ఎక్కువగా చేరారు. 2005 నాటి లెక్క ప్రకారం అందులో 53 కుటుంబాలు, 97 వ్యాపార స్థలాలు ఉన్నాయి. ఒక రకంగా చూస్తే ఈ రోజుల్లో నగర ప్రణాళికలు వేసేవాళ్ళు కోరుకునేదీ ఇదే కదా! ఊరి మధ్యన, కోర్టుకు నడిచివెళ్ళే దూరంలో, పనీ కాపురమూ ఒకే కప్పు కింద. మరి తప్పు ఎక్కడ జరిగింది?

హోటలు గదికీ ఇంటికీ చాలా తేడా ఉంది. హోటలు గదిలో నిద్రపోతాం. వంట కింద వంటశాలలో జరుగుతుంది. అదే గదిలో సంసారం పెట్టాలంటే పొయ్యి కావాలి, మోరీ కావాలి, నీళ్ళ తొట్టి కావాలి, ఇద్దరు పిల్లలు పెరిగితే ఒక అటకా కావాలి. ప్రతి కుటుంబమూ తనకు కావలసింది తాను చేసుకుంది. ఒకరు అడ్డగోడ లేపారు. ఒకరు బాల్కనీని మూసి గదిలో కలుపుకున్నారు. ఒకరు కొత్త పైపు వేశారు. ఒక్కొక్కటిగా చూస్తే ఎవరి పనినీ తప్పు పట్టలేం. అన్నీ కలిసేసరికి ఆర్డిష్ వేసిన లెక్కలో లేని బరువు చట్రం మీద పడింది. కారిన నీరు ఇనుములోకి దిగింది. వానాకాలం నాలుగు నెలలూ సముద్రపు గాలి తగిలే చోటు. పోత ఇనుముకు నీరు పగ అని ఇందాకే చెప్పుకున్నాం.

రెండో తేడా ఇంకా పెద్దది. హోటల్లో పైపు పగిలితే మేనేజరును పిలుస్తాం. విడగొట్టిన భవనంలో ఎవరిని పిలవాలి? ఇక్కడ మనం ఒక చట్టం గురించి చెప్పుకోవాలి. 1947లో వచ్చిన బొంబాయి అద్దెల నియంత్రణ చట్టం పూర్తి పేరులో "హోటళ్ళు, వసతిగృహాల రేట్లు" అన్న మాటలు కూడా ఉన్నాయి. ఆ చట్టం పాత అద్దెలను 1940 సెప్టెంబరు 1 నాటి స్థాయిలో నిలిపివేసింది. దేశవిభజన రోజుల్లో పేదవాణ్ణి వీధిన పడకుండా కాపాడింది ఆ చట్టమే. దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. మా తాతగారు కరీంనగర్ నుంచి వచ్చి ఒక చాల్‌లో ఖోలీ సంపాదించి నలుగురు పిల్లల్ని పెంచారంటే ఆ చట్టం నీడలోనే. కాని ధరలన్నీ పెరుగుతుంటే అద్దె ఒక్కటే అక్కడే ఆగిపోయింది. వచ్చే అద్దె సున్నం వేయించడానికి కూడా చాలదు కాబట్టి యజమాని చేతులెత్తేశాడు. ఇల్లు నాది కాదు కదా అని కిరాయిదారు ఊరుకున్నాడు. మధ్యలో పగడీ పద్ధతి వచ్చింది. అంటే పెద్దమొత్తం చెల్లించి కిరాయి హక్కు కొనుక్కోవడం. ఆ డబ్బు చేతులు మారిందే కాని భవనానికి ఖర్చు కాలేదు.

ప్రభుత్వం చూస్తూ ఊరుకుందా అంటే, లేదు. వానాకాలంలో పాత ఇళ్ళు వరుసగా కూలుతుండగా 1969లో మరమ్మతుల మండలి చట్టం చేసింది. పాత అద్దె భవనాల మీద సెస్ విధించి, ఆ సొమ్ముతో మరమ్మతులు చేయడం దాని ఉద్దేశం. అప్పట్లో నగరద్వీపంలో అటువంటి భవనాలు 19,642 అని లెక్క తేలింది. తర్వాత ఈ బాధ్యత మ్హాడా చేతికి వచ్చింది. 1947 నాటి చట్టం స్థానంలో 2000 మార్చి 31 నుంచి కొత్త అద్దె చట్టం అమలులోకి వచ్చింది. అది పగడీని చట్టబద్ధం చేసింది, అద్దె ఏటా కొద్దిగా పెరగడానికి వీలు కల్పించింది. కాని అప్పటికే యాభై ఏళ్ళ తుప్పు పేరుకుపోయింది.

2005 జూన్‌లో ప్రపంచ స్మారకాల నిధి అనే సంస్థ ప్రమాదంలో ఉన్న 100 కట్టడాల జాబితాలో వాట్సన్ హోటలును చేర్చింది. సరిగ్గా ఆ తర్వాత నెల మొదటి తేదీనే పడమటి వైపు బాల్కనీలు కూలిపోయాయి. ఒక ప్రాణం పోయింది. పలువురు గాయపడ్డారు. కింద నిలిపిన వాహనాలు శిథిలాల్లో కూరుకుపోయాయి. ఆ తర్వాత కూడా భవనం అలాగే నడిచింది. నోటీసులు, వాయిదాలు, కోర్టు వ్యవహారాలు సాగాయి. చివరికి 2019లో హైకోర్టు ఆదేశంతో లోపలివాళ్ళందరినీ ఖాళీ చేయించారు. బొంబాయి ఐ.ఐ.టి. నిపుణులు పరిశీలించి, మరమ్మతు గిట్టుబాటు కాదు, కూల్చడమే మేలని నివేదిక ఇచ్చారు. కట్టడాల పరిరక్షణ తెలిసిన వాస్తుశిల్పులు ఒప్పుకోలేదు. ఇనుప చట్రాన్ని బాగుచేసి నిలపవచ్చని వాదించారు. భవనం ఉండాలా పోవాలా అన్న ఈ వాదంలో ఒక ముచ్చట వెనకబడిపోయింది. అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు, అక్కడే దుకాణం నడుపుకున్నవాళ్ళు మూటలు కట్టుకుని ఎటు వెళ్ళారన్నది.

పాత హోటళ్ళన్నిటి గతీ ఇంతేనా? అలా అనుకోనక్కరలేదు. ఇదే నగరంలో, కొలాబాలో రీగల్ సినిమా ఎదురుగా మెజెస్టిక్ హోటలు ఉండేది. 1909లో కట్టారు. అది కూడా హోటలుగా ముగిసిపోయింది. తర్వాత ప్రభుత్వం తీసుకుని పై అంతస్తులను శాసనసభ్యుల వసతిగృహంగా మార్చింది. కింద సహకారీ భండార్ దుకాణం వెలిసింది. అంటే పైన నివాసం, కింద అంగడి. వాట్సన్ భవనానికి పట్టిన మార్పే దీనికీ పట్టింది. కాని దీనికి ఒక యజమాని ఉన్నాడు, ఒక లెక్కల పుస్తకం ఉంది, మరమ్మతు ఎవరి పనో రాసిపెట్టి ఉంది. అందుకే వయసు తెచ్చే బాధలు దీనికీ తప్పకపోయినా దశాబ్దాల తరబడి పనికివచ్చింది. తేడా ఇనుములో, రాతిలో లేదు. బాధ్యత ఎవరిదో తేల్చుకోవడంలో ఉంది.

ఇంతకీ ఈ పాత హోటలు కథ మనకెందుకు అంటారా? ఆ హోటలుకు పట్టిన మార్పు ఇప్పుడు మన పేటల గడప దగ్గరకు వచ్చింది కనుక. 2023లో మహారాష్ట్ర ప్రభుత్వం కామాఠీపుర మొత్తాన్ని మ్హాడా ద్వారా పునర్నిర్మించాలని నిర్ణయించింది. వర్లీ, నాయ్‌గావ్, ఎన్.ఎం. జోషీ మార్గ్‌లలోని బి.డి.డి. చాళ్ళ సంగతి తెలిసిందే. 1920లలో కట్టిన ఆ చాళ్ళలో ఒక్కో ఖోలీ 160 చదరపు అడుగులు. దాని బదులు 500 చదరపు అడుగుల ఇల్లు ఇవ్వాలన్నది పథకం. వర్లీలో మొదటి విడతగా 556 ఇళ్ళ తాళంచెవులు 2025 ఆగస్టులో అందాయి. నూరేళ్ళ ఖోలీ నుంచి లిఫ్టు ఉన్న మేడకు వెళ్ళడం చిన్న సంగతి కాదు. సంతోషించవలసిందే.

సంతోషిస్తూనే గతాన్ని కూడా ఒకసారి తలుచుకోవాలి. మన పద్మశాలి కుటుంబాలు ఎన్నో పరేల్, వర్లీ బట్టల మిల్లుల్లో పనిచేశాయి. 1982లో మొదలైన సమ్మెతో ఆ మిల్లులు చితికిపోయాయి. 1991 నాటి నిబంధనల్లో మిల్లు భూమిని మూడు వంతులు చేయాలని ఉంది. ఒక వంతు నగరానికి తోటలూ మైదానాల కింద, ఒక వంతు ప్రభుత్వ గృహాలకు, ఒక వంతు యజమానికి. 2001లో ఆ నిబంధనలో ఒక చిన్న మార్పు వచ్చింది. ఈ పంపకం మొత్తం భూమికి కాదు, కట్టడాలు లేని ఖాళీ స్థలానికి మాత్రమే అన్నారు. మిల్లు అంటేనే షెడ్లు. ఖాళీ స్థలం ఎంత మిగులుతుంది? గృహాల వాటా ఒక్కసారిగా కుంచించుకుపోయింది. 2006లో సుప్రీంకోర్టు కూడా ఆ మార్పును సమర్థించింది. కాగితం మీద ఒక మాట మారితే ఎన్ని ఇళ్ళు మాయమవుతాయో మన కళ్ళముందు జరిగిన పాఠం ఇది.

మా బంధువుల్లో ఒక అవ్వ ఉంది. కామాఠీపురలో పదహారేళ్ళప్పుడు కాపురానికి వచ్చింది. ఇప్పుడు ఎనభై దాటింది. ఈమధ్య కొత్త కట్టడం గురించి అందరూ ఉత్సాహంగా మాట్లాడుకుంటున్నారు. ఎన్ని అంతస్తులో, లిఫ్టులెన్నో, హాలు ఎంతో. అవ్వ అంతా విని నన్ను పిలిచింది. "బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి. ఒక్క ముచ్చట చెప్పు. గా పద్దెనిమిదో అంతస్తుల నీళ్ళ పైపు పగిలితే ఎవల్ని పిలవాలె? వానికి పైసలు ఎవలియ్యాలె?" అంది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వాట్సన్ హోటలు నూటయాభై ఏళ్ళ చరిత్రను నేను ఎంత చదివినా తేల్చలేని సారాన్ని అవ్వ ఒక్క ప్రశ్నలో పెట్టింది. ఆ ఒక్క ప్రశ్నకు ఎస్ప్లనేడ్ మాన్షన్‌లో ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. కాబట్టే అది అలా అయింది.

అందుచేత పునర్నిర్మాణం అన్న మాట వినిపించిన ప్రతి పేటలోనూ మనవాళ్ళు కూర్చుని మూడు నాలుగు సంగతులు తేల్చుకోవాలి. మొదటిది, మీ పేరు అర్హుల జాబితాలో ఉందా, ఏ కాగితం ఆధారంగా ఉంది? కిరాయి రసీదు తాత పేరు మీదే ఉండిపోయిన ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. దాన్ని ఇప్పుడే సరిచేసుకోవాలి. రెండోది, కట్టడం పూర్తయ్యేదాకా ఎక్కడ ఉంటారు, ఆ అద్దె ఎవరిస్తారు, ఎన్ని నెలలిస్తారు? మూడోది, కింద దుకాణం పెట్టుకున్న దర్జీకి, ఇస్త్రీ బండివాడికి, సర్వపిండి చేసి అమ్ముకునే అమ్మకు కొత్త కట్టడంలో చోటు ఉందా? పైన కాపురం, కింద అంగడి అంటే పెద్ద పెద్ద షోరూములే అని అర్థం కాకూడదు. దుకాణదారుకు తన పాత వైశాల్యం తిరిగి రావాలంటే అది రికార్డులో ఉండాలి. నాలుగోది అవ్వ అడిగిన ప్రశ్న. నిర్వహణ నిధి ఎంత, ఎవరి చేతిలో ఉంటుంది, అది అయిపోయాక నెలనెలా కట్టవలసింది ఎంత? ఇల్లు ఉచితంగా వచ్చినా లిఫ్టు ఉచితంగా నడవదు. నెలసరి ఖర్చు మోయలేక కొత్త ఇల్లు అమ్ముకుని ఊరి చివరకు పోతే, ఆ పునర్నిర్మాణం ఎవరికోసం జరిగినట్టు?

ఈ ప్రశ్నలు అడగడం అభివృద్ధికి అడ్డుపడటం కాదు. పాత గోడలు పడిపోతుంటే వాటి కిందే ఉంటామనడం తెలివి కాదు. 2005లో పోయిన ప్రాణం ఆ సంగతి చెబుతూనే ఉంది. కాని గోడ కూల్చడం ఎంత సులువో 1896లోనే ఆ హోటల్లో తెర మీద చూపించారు. ఆ చిత్రాన్ని వెనక్కి తిప్పి, పడిన గోడ మళ్ళీ లేచి నిలబడ్డట్టు చూపించి జనాన్ని నవ్వించేవారట. సినిమాలో అది కుదురుతుంది. బతుకులో ఒకసారి చెదిరిన పేట మళ్ళీ అదే మనుషులతో లేచి నిలబడాలంటే ముందే ఒప్పందం రాసుకోవాలి.

మా పిల్లలకు నేను ఇంకోసారి కాలాఘోడా చూపించాలనుకుంటున్నాను. ఈసారి ఆ భవనం ఎదుట నిలబడినప్పుడు అది ఎవరు కట్టించారో, ఎవరు దిగారో చెప్పి ఊరుకోను. ఎవరు కాపురమున్నారో, ఎందుకు ఖాళీ అయిందో కూడా చెబుతాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సు ఎక్కించి కామాఠీపుర మీదుగా తీసుకువస్తాను. "ఈ నగరంలో ఇంతమందికి ఇళ్ళు కట్టిన చేతులు ఈ సందుల్లో నుంచి వెళ్ళినవే" అని చెబుతాను. ఆ చేతులకు సొంత గూడు దొరికే రోజు దగ్గరపడుతున్నప్పుడు కాగితం చదివి సంతకం పెట్టడం నేర్పవలసిన బాధ్యత నావంటి బడిపంతులమ్మలది.

అవ్వ ప్రశ్న అన్నారా? మా పేట పెద్దలు దాన్ని మరాఠీలో రాసి, వచ్చే సమావేశంలో అడగవలసిన ప్రశ్నల్లో మొదటిదిగా పెట్టారు. రాసిపెట్టింది నేనే. కింద అవ్వ వేలిముద్ర వేయబోతే వద్దన్నాను. వారం రోజులు కూర్చోబెట్టి ఆమె పేరు రాయడం నేర్పించాను. వణికే చేత్తో తెలుగులోనే సంతకం పెట్టింది.